తుపాను వేళ ఇంటి గది



అమెరికా దేశమునందు కొన్ని సీమలలో ఘోరమైన సుడిగాలులు లేచును. వాని వెడల్పు స్వల్పము. ఒకచోట నుండు కాలము కొద్ది నిమిషములే. కావున అచటివారు నేలమాళిగ త్రవ్వుకొని అందు తలదాచుకొందురు. మన కోట ప్రాంతమున అట్టి మాళిగ త్రవ్వినచో అది నీటితో నిండి ప్రాణములకే ముప్పు తెచ్చును. ఏలయన మనకు వచ్చునది తుపాను. అది వందల కిలోమీటర్ల మేర వ్యాపించి, గంటల తరబడి వీచుచు, గాలితోపాటు నీటిని తెచ్చును. గట్టి గది గాలికి రక్ష, నీటికి కాదు. నేను ముఖ్యముగా మనవి చేయునది యిదియే.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చెను. ఇంచుమించు 10,000 మంది మరణించిరి. 1990 మే నెలలో మరల కృష్ణా తీరమును తీవ్రమైన తుపాను తాకినది. అప్పుడు లక్షకు మించిన జనమును ముందుగా తరలించుటచే మృతుల సంఖ్య 1,000 లోపుననే యుండెను.

కనుక తుపాను ఎచట తీరము దాటునో రేడియోలో శ్రద్ధగా వినుడు. మన సముద్రమున తుపాను గాలి అప్రదక్షిణముగా తిరుగును. మనకు దక్షిణమున, సమీపమున దాటినచో గాలి సముద్రమునుండి నేలపైకి వీచి నీటిని నెట్టుకొని వచ్చును. 1984 నవంబరులో శ్రీహరికోటవద్ద దాటినది ఇట్టిదే. 1989 నవంబరులో కావలివద్ద దాటినట్లు ఉత్తరమున దాటినచో మనకు ఉప్పెన భయము తగ్గును. గాలివానల భయము తగ్గదు. అయినను తుపాను దారి మార్చుకొనవచ్చును. కొత్తపట్నము వంటి తీరగ్రామములవారు, స్వర్ణముఖి పల్లములలోనివారు, పూరిండ్లవారు పగటివేళనే తుపాను షెల్టరునకో, మెరక మీది పక్కా భవనమునకో చేరవలెను.

మెరకమీద మిద్దె గలవారు మాత్రమే ఇంట నిలువవచ్చును. వారు చెట్లకు దూరముగా, కిటికీలు తక్కువగా నున్న చిన్న లోపలి గదిని ఎన్నుకొనవలెను. గాలి ఒకవైపున లోనికి చొచ్చినచో కప్పును పైకెత్తును. కనుక అన్ని దిక్కుల తలుపులకును అడ్డకఱ్ఱలు బిగింపుడు. బిందెలలో మంచినీరు, అటుకులు, మందులు, బ్యాటరీ దీపము, రేడియో, మోకు, గొడ్డలి లోపల నుంచుడు. పట్టాలను నీరు చొరని సంచిలో కట్టుడు. పాములు లోనికి వచ్చును. దీపములేక చేయి చాపకుడు.

ఒక్కొక్కప్పుడు ఉత్తరపు గాలి హఠాత్తుగా ఆగి ఆకాశము తేటపడును. అది తుపాను కన్ను మనమీదుగా పోవు సమయము. పోయినదని వెలుపలికి రాకుడు. కొంతసేపటికే దక్షిణపు గాలి అంతటి బలముతో విరుచుకొనిపడును.

పశువులను విడిచి రాలేక యింట నిలుచువారు గలరు. వారి బాధ నెరుగుదును. ముందుగా వానిని మెరకకు తోలుడు. వీలుకానిచో పలుపులు విప్పుడు. కట్టువీడిన పశువు ఈది బ్రతుకవచ్చును. పెద్దలు ముందు కదలినచో ఊరు కదలును. ఇల్లు మరల కట్టుకొనవచ్చును.