నెమ్మది నెట్‌దా, డిస్కుదా?

పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లు మా రిపేరు షాపుకు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు పట్టుకొచ్చి చెప్పేది ఒకటే: "అన్నా, డౌన్‌లోడ్ పాకుతోంది. డిస్కు పోయినట్టుంది." చాలాసార్లు డిస్కు నిక్షేపంగా ఉంటుంది.

ముందు లెక్క చూడాలి. 100 ఎంబీపీఎస్ నెట్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి తెరమీద 12.5 మెగాబైట్లు దాటదు. పాతకాలపు యూఎస్‌బీ 2.0 కేబుల్ కూడా సెకనుకు 30 మెగాబైట్ల దాకా లాగుతుంది. 300 ఎంబీపీఎస్ ఫైబర్ పెట్టించుకున్నవాళ్లకే ఆ కేబుల్ అడ్డం. వాళ్లు నీలంరంగు పోర్టులో, యూఎస్‌బీ 3.0 కేబుల్ చివరిదాకా నొక్కి పెట్టాలి.

లెక్కకన్నా బాగా తక్కువ వస్తుంటే అదే ఫైలును కంప్యూటర్ లోపలి డిస్కులోకి దించి చూడమంటారు అందరూ. మంచి పరీక్షే. కానీ బయటి డిస్కు తగిలించి ఒకసారి, పీకేసి ఒకసారి చేయాలి. ఎందుకంటే యూఎస్‌బీ 3.0 నడుస్తున్నప్పుడు దాని కేబుల్, కనెక్టర్ల నుంచి రేడియో రొద పుడుతుంది. అది సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే వైఫై వాడే చోటే పడుతుంది. ఇంటెల్ 2012లోనే దీనిమీద పత్రం వెలువరించింది. డిస్కు తగిలించగానే వైర్‌లెస్ మౌస్ కూడా తడబడుతోందా? అనుమానం అక్కర్లేదు, ఇదే. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి, లేదా లాన్ కేబుల్ పెట్టండి. వైఫై డాంగిల్ వాడేవాళ్లు దాన్ని డిస్కు పక్క పోర్టులో అసలు పెట్టొద్దు. వీటిలో ఏదో ఒకటి చాలు, కొత్త డిస్కు ఖర్చు తప్పుతుంది.

డిస్కు పీకినా పెట్టినా నెట్ బాగుండి, బయటి డిస్కులోకి దించినప్పుడే చతికిలపడితే, అప్పుడు డిస్కు సంగతి. ఇప్పటి చిన్న పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటికి ట్రాకులు ఇంటిపెంకుల్లా ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. ఒకదాన్ని మార్చాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. అందుకే మొదట చురుగ్గా రాసి, కాసేపటికి నీరసిస్తాయి. టొరెంట్ అయితే మరీ కష్టం, ముక్కలు వరసలో రావు కాబట్టి. లోపలి డిస్కులోకి దించుకుని, పూర్తయ్యాక ఒకేసారి కాపీ కొట్టుకోవడమే నా పద్ధతి.

విండోస్‌లో బయటి డిస్కుకు రైట్ క్యాషింగ్ ఆన్ చేస్తే వేగం పెరుగుతుందని చెబుతారు, కొంత నిజమే. అయితే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట, యూపీఎస్ లేని కంప్యూటర్లో నేను దాని జోలికి పోను. రాయాల్సింది ఇంకా మెమరీలోనే ఉండగా కరెంటు పోతే ఫైలు గల్లంతు.

డిస్కు లోపల టకటకమని చప్పుడొస్తుంటే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. అందులో ఉన్నవాటిని ముందు వేరే డిస్కుకు ఎక్కించండి. ముహూర్తం ఫుటేజీతో మొదలుపెట్టండి, డాన్సులు తర్వాత.