రాయబారం తర్వాత కథ - తెరకెక్కవలసిన రెండో నాటకం



రాత్రి రెండు గంటలు దాటాక నాటకం పందిట్లో ఎంతమంది మిగులుతారో మీరెప్పుడైనా లెక్కపెట్టారా? మా చిన్నతనంలో నేను లెక్కపెట్టాను. కొండవారల ఊళ్ళో అమ్మవారి పండగకి పార్వతీపురం వైపు నుంచి కాంట్రాక్టు నాటకం వచ్చేది. పడకసీను మొదలయ్యేసరికి ఇసుక వేస్తే రాలనంత జనం. రాయబారంలో కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్‌లు, ఈలలు, హార్మోనీ పెట్టె మీద రూపాయి నోట్లు. ఆ సీను అయిపోయి తెర పడగానే చాపలు దులిపే చప్పుడు. తర్వాత వచ్చే యుద్ధం సీను చూడ్డానికి మిగిలేది నిద్రపోతున్న పిల్లలూ, వాళ్ళని ఎత్తుకుపోవడానికి బద్ధకించిన పెద్దవాళ్ళూ. యుద్ధంలో ఎవరు గెలిచారో అందరికీ తెలుసు కదా, ఇంకెందుకు కూర్చోవడం!

ఇవాళ మాట్లాడబోయేది ఆ మిగిలిపోయిన కథ గురించే. రంగస్థలం మీద ఒక సంగీత నాటకం, దానికి కొనసాగింపుగా ఇంకో నాటకం ఉన్నప్పుడు, ఆ రెండోదాన్ని సినిమాగా తీయవచ్చునా, తీస్తే నిలుస్తుందా అన్నది ప్రశ్న. మనకి దగ్గర్లో ఉన్న ఉదాహరణ తిరుపతి వేంకట కవులదే. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి, ఈ జంట కవులు భారత కథని వరుసగా నాటకాలు చేశారు. వాటిలో జనం నోట నిలిచినవి రెండు, పాండవోద్యోగం, దాని తర్వాతి కథ పాండవ విజయం. సమాజాల వాళ్ళు రెండింటినీ కలిపి పాండవోద్యోగ విజయాలు అన్నారు. కురుక్షేత్రం అని పోస్టరు వేసినా ఆడేది చాలాచోట్ల ఇదే. పేరులో విజయం ఉంది గాని, ఆడేదాంట్లో మూడు వంతులు ఉద్యోగమే.

ఎందుకంటారా? ఉద్యోగం అంతా మాటల యుద్ధం. నిద్ర నటిస్తున్న కృష్ణుడి దగ్గరికి ఇద్దరు బంధువులు సాయానికి రావడం, సంజయుడు రావడం, కృష్ణుడు కౌరవ సభకి వెళ్ళడం, తర్వాత కర్ణుణ్ణి పక్కకి పిలిచి మాట్లాడ్డం. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి పద్యానికి పద్యం బదులిచ్చుకుంటారు. స్టేజికి కావలసింది ఇదే. విజయంలో సంగతి వేరు. అక్కడ ఏనుగులు, రథాలు, పద్దెనిమిది అక్షౌహిణులు. పదహారడుగుల స్టేజి మీద వాటినెలా చూపిస్తారు? రెండు అట్ట రథాలు, నలుగురు మనుషులు, లోపల్నుంచి శంఖం. భీష్ముడు పడిపోవడం చూపించే లోపల అట్ట రథం చక్రం ఊడిపోయిన సందర్భాలు చూసినవాళ్ళు మీలో చాలామంది ఉండి ఉంటారు.

అంచేత లెక్క ప్రకారం చూస్తే మొదటి నాటకం స్టేజికి, రెండో నాటకం సినిమాకి చెందవలసినవి. విచిత్రమేమిటంటే జరిగింది దానికి తలకిందులు.

తెలుగు సినిమా పుట్టడమే నాటకం ఒడిలో పుట్టింది. మొదటి టాకీ భక్త ప్రహ్లాద సురభి వాళ్ళు ఆడే నాటకం ఆధారంగా వచ్చింది. అది 1931 సెప్టెంబరులో విడుదలైందని చాలాకాలం అనుకున్నాం. తర్వాత పరిశోధకులు 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. (ఇదే ప్రహ్లాద కథ గంజాం జిల్లాలో ఒడియా ప్రహ్లాద నాటకంగా ఇప్పటికీ రాత్రంతా ఆడతారు. సరిహద్దు మనుషులకే కాదు, కథలకీ ఉండదు.) ఆ తర్వాత స్టేజి మీద పేరుపొందిన ప్రతి నాటకాన్నీ సినిమావాళ్ళు ముట్టుకున్నారు. చిలకమర్తి వారి గయోపాఖ్యానం 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధం అయింది. శ్రీకృష్ణ తులాభారం 1966లో వచ్చినప్పుడు, స్టేజి మీద సత్యభామగా రాణించిన స్థానం నరసింహారావు గారి పాటనే సినిమాలో సుశీల గారి చేత పాడించారు. ఒక మగాయన స్త్రీ పాత్ర కోసం తయారుచేసుకున్న పాట, ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాత జమున గారి పెదాల మీదికి వచ్చి కూర్చుంది. నాటకం నుంచి సినిమాకి ఏది బతికి వెళుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడదు.

రాయబారం కూడా వెళ్ళింది. 1960లో శ్రీకృష్ణ రాయబారం అన్న పేరుతోనే ఒక సినిమా వచ్చింది, ఈలపాట రఘురామయ్య గారే కృష్ణుడు. 1967లో శ్రీకృష్ణావతారంలో తిరుపతి వేంకట కవుల రాయబార పద్యాలు వినిపించాయి. అంటే స్టేజి మీదే పూర్తిగా పండిన భాగాన్ని సినిమా మళ్ళీ మళ్ళీ తీసుకుంది. స్టేజి మీద పండని భాగాన్ని, తన చేతిలో ఉన్న కెమెరాతో పండించగలిగిన భాగాన్ని, ఆ కవుల నాటకంగా ఎవరూ తీసుకోలేదు.

మరి 1977 సంక్రాంతి మాటేమిటని మీరు అడగవచ్చు. ఆ జనవరి 14న ఒకే రోజు రెండు భారత సినిమాలు వచ్చాయి. ఒకటి ఎన్.టి.రామారావు గారు తీసిన దానవీరశూర కర్ణ, రెండోది కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వంలో కురుక్షేత్రం. రెండింట్లోనూ యుద్ధం ఉంది. కురుక్షేత్రంలో కృష్ణ, శోభన్‌బాబు, కృష్ణంరాజు, అంత తారాబలం. అయినా జనం ఇవాళ్టికీ చెప్పుకునేది మొదటిదాన్నే. దాదాపు నాలుగు గంటల సినిమా అది. అందులో మనకి గుర్తున్నది ఏది? బాణాలు ఎదురెదురుగా ఢీకొనడమా? కాదు. కొండవీటి వెంకటకవి గారి మాటలు, తిరుపతి వేంకట కవుల పద్యాలు. దుర్యోధనుడు సభలో మాట్లాడిన తీరు పిల్లలకి కూడా కంఠతా వచ్చింది. యుద్ధం చూపించగలిగిన సినిమాలో కూడా జనం మాటనే ఇంటికి పట్టుకెళ్ళారు.

ఇక్కడో చిన్న సంగతి. మన పద్యనాటకంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు. ఒకటో కృష్ణుడు పడకసీనుకి, రెండో కృష్ణుడు రాయబారానికి, ఇంకొకరు యుద్ధానికి. దానవీరశూర కర్ణలో ఒకే మనిషి కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు. నాటకంలో జనం వేషాన్ని చూసి కృష్ణుడనుకుంటారు, సినిమాలో ముఖాన్ని చూసి అనుకుంటారు. రెండో నాటకాన్ని తెరకెక్కించాలంటే ముందు తేల్చుకోవలసిన తేడా ఇది.

ఇంకో తేడా పద్యం నిడివి. స్టేజి మీద పద్యం నాలుగు పాదాలే గాని, రాగం తీస్తే అయిదు నిమిషాలు. వన్స్‌మోర్ పడితే పది. కెమెరా దగ్గరికి వెళ్ళి చూస్తుంటే అయిదు నిమిషాలు నోరు తెరిచిన ముఖం చూడటం కష్టం. అయితే ఈ రాగాల పొడుగు నాటకానికి ప్రాణమా అంటే, దానిమీద కూడా పేచీ ఉంది. మన పక్కనే బొబ్బిలి ప్రాంతంలో వంతరాం అన్న ఊళ్ళో 1920లో పుట్టి, 2007లో వెళ్ళిపోయిన పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణుడంటే ఈ ప్రాంతంలో తెలియనివాళ్ళు అరుదు. పద్యంలో మాట చెవికి తెలియాలి, అర్థం మనసుకి అందాలి, రాగం ఆ పైన అన్నది ఆయన దారి. కెమెరాకి సరిపడే పద్యం అది. చిన్నగా పలికినా వినబడే మైకు సినిమాకి ఉంది. దాన్ని వాడుకోకుండా స్టేజి మీదలాగే చివరి వరసకి వినపడేట్టు అరిపించారు కాబట్టి చాలా సినిమాల్లో పద్యాలు గోడకి కొట్టిన మేకుల్లా అనిపిస్తాయి.

రెండో కథ ఎప్పుడూ మొదటిదానికి తక్కువే అన్న వాదన ఒకటుంది. దానికి జవాబు లవకుశ. పట్టాభిషేకంతో రామకథ అయిపోయిందనుకున్నాక మిగిలిన కథ అది. 1934లో సి.పుల్లయ్య గారు తీస్తే జనం విరగబడ్డారు. 1963లో మళ్ళీ రంగుల్లో వస్తే మళ్ళీ విరగబడ్డారు. గెలుపు తర్వాత ఏమైందన్న ప్రశ్నకి మన జనం చెవి ఒగ్గుతారు, ఆ ప్రశ్నని సీత వైపు నుంచి అడిగితే.

విదేశాల్లోనూ ఇలాంటి ముచ్చటే ఒకటి జరిగింది. ఆండ్రూ లాయిడ్ వెబర్ అనే ఇంగ్లీషు సంగీత కర్త 1986లో ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా అన్న సంగీత నాటకం చేశాడు. అది దేశదేశాల్లో ఆడింది, 2004లో సినిమా అయింది. దానికి కొనసాగింపుగా 2010లో లండన్‌లో లవ్ నెవర్ డైస్ అన్న నాటకం పెట్టాడు. మొదటిదాని పేరు దీనికి రాలేదు, ఏడాదిన్నర తిరక్కుండానే అక్కడ మూసేశారు. దాన్ని ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కొత్తగా దిద్ది 2011లో ఆడినప్పుడు, స్టేజి మీద ఆడుతున్నదాన్ని ఆడుతున్నట్టే కెమెరాల్తో పట్టారు. సెట్టింగులు వేసి, తారల్ని పెట్టి తీసిన సినిమా కాదది. నాటకం నాటకంగానే భద్రమైంది. ఇది మనం అరువు తెచ్చుకోదగ్గ పద్ధతి.

ఇప్పుడు మన గడపకి వద్దాం. కోరాపుట్, రాయగడ ఒకప్పటి విశాఖపట్నం ఏజెన్సీ. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఇటు వచ్చాయి. 1992లో రాయగడ విడి జిల్లా అయింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు తెలుగులోనూ ఒడియాలోనూ పండితులు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి లక్షలు ఇచ్చిన దాత. ఆయన నాటికి ఈ రెండు భాషలు ఒకే సభలో కూర్చునేవి. ఇవాళ మన పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు అక్షరం కూడబలుక్కోవడం కూడా కొందరికి రాదు. వాళ్ళకి తెలుగు పద్యం చేరే దారి పుస్తకం కాదు, చెవే. కాంట్రాక్టు నాటకాలు తగ్గిపోయాక ఆ చెవికి మిగిలింది సినిమా. అందువల్ల రెండో నాటకం తెరకెక్కడమన్నది మనవరకు కాలక్షేపం కబురు కాదు.

ఈ పిల్లలకి ఇంకో భారతం కూడా తెలుసు. పదిహేనో శతాబ్దంలో సారళా దాసు రాసిన ఒడియా మహాభారతంలో యుద్ధం ముగిసే వేళ దుర్యోధనుడు నెత్తుటి నదిని దాటాలి. తేలుతున్న ఒక శవాన్ని పట్టుకుని దాటతాడు. ఒడ్డు చేరాక చూస్తే అది తన కొడుకు లక్ష్మణ కుమారుడి శవం. వ్యాసుడిలో లేని ఘట్టం. ఒడియా ఇళ్ళలో ఇది తెలియని పెద్దవాళ్ళు తక్కువ. మన దుర్యోధనుడేమో మడుగులో దాగుంటాడు, బయటికి రమ్మని పాండవులు ఎత్తిపొడుస్తారు. ఒకే మనిషి ఓటమి, రెండు భాషల్లో రెండు నీళ్ళ దగ్గర. సారళా దాసు ఘట్టాన్ని తిరుపతి వేంకట కవుల నాటకంలో దూర్చమని నేను అనను. ఎవరి పద్యం వారిది. కాని ఆ మడుగు ఘట్టాన్ని తీసేవాడు ఈ ప్రాంతం వాడైతే, ఆ నీళ్ళని వట్టి నీళ్ళలా చూడలేడు.

నా మటుకు నాకు, తీయాలి. అయితే ఎలా అన్నదాంట్లో పట్టింపు ఉంది. యుద్ధం చూపించడం ఇవాళ పెద్ద విద్య కాదు. 2024లో వచ్చిన కల్కి 2898 ఏడీలో కురుక్షేత్రాన్ని కంప్యూటరు బొమ్మలతో చూపించారు, చూశాం, బాగానే ఉంది. దానికి ఈ కవులు అక్కర్లేదు. పాండవ విజయం తీసేవాళ్ళు యుద్ధాన్ని దూరంగా, దుమ్ముగా, చప్పుడుగా ఉంచి, పడిపోయినవాడి దగ్గర కెమెరా పెట్టి, పద్యాన్ని మనిషి మాట్లాడే గొంతుతో పలికించాలి. రెండు గంటలు చాలు. గెలిచినవాళ్ళ ముఖాలు చివర్లో చూపించాలి, తొందరపడి తుడిచెయ్యకుండా.

అంత డబ్బు పెట్టేవాళ్ళు వచ్చేదాకా చేయదగ్గ చిన్న పని ఒకటుంది. గుణుపురంలోనో, రాయగడలోనో, పార్వతీపురం అవతలో యుద్ధం సీను ఇంకా ఆడగలిగిన నటులు, వాళ్ళ వెనక హార్మోనీ వాయించేవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. చాలామంది డెబ్బై దాటినవాళ్ళు. ఈసారి మీ ఊరి పండక్కి నాటకం కట్టించుకుంటే రాయబారం అవగానే చాప దులపకండి. కుర్రాళ్ళ చేతుల్లో సెల్‌ఫోన్లు ఎలాగూ ఉంటాయి. దాన్ని ఒక కర్రకి కట్టి కదలకుండా నిలబెట్టి, రెండో సగాన్ని తెల్లవారేదాకా పట్టమనండి. మైకు దగ్గర ఇంకొకటి, పద్యం వినపడేట్టు.