బీచ్ హౌస్ అద్దెకిస్తున్నారా? స్మార్ట్ లాక్ కొనేముందు మా వాడరేవు కథ వినండి

స్మార్ట్ లాక్ రివ్యూ అంటే మేం చేసే టెస్టులు మీకు తెలిసినవే. వేలిముద్ర ఎంత స్పీడుగా తీసుకుంటోంది, యాప్ ఎట్టా ఉంది, బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది. అన్నీ ఏసీ గదిలో, ఫైబర్ నెట్ పక్కన కూర్చుని చేసేవే. కార్తీక మాసంలో ఒక శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి, వాడరేవులో మా బాబాయి ఇంటి ముందు, నేను మెచ్చుకుని స్వయంగా బిగించిన లాక్ అసలు టెస్టులో ఫెయిలైంది.

ముందు ఇల్లు గురించి చెప్పాలి. మిర్చికి మంచి రేటు పలికిన ఏడాది మా బాబాయి సముద్రం దగ్గర రెండు బెడ్‌రూముల ఇల్లు కట్టాడు. ఆయన ఉండేది పర్చూరులో. ఏడాదిలో మేం అక్కడ గడిపేది పట్టుమని పది రోజులుండదు, అందుకే మిగతా రోజులు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. బాపట్ల పక్కన సూర్యలంక, చీరాల పక్కన వాడరేవు, రామాపురం, ఈ తీరానికి వీకెండ్ వస్తే చాలు గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు, హైదరాబాద్ నుంచి కార్లు కడతాయి. గుంటూరు మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చే రోజుల్లోనూ, కార్తీక స్నానాలప్పుడూ గిరాకీ ఇంకా ఎక్కువ. తాళం ఇవ్వడానికి ప్రతిసారీ పర్చూరు నుంచి రాలేక బాబాయి నన్నడిగాడు. "ఏందిరా, ఊళ్లోవాళ్లందరికీ ఫోన్లు చెబుతావు, నాకో తాళం చెప్పలేవా?" అని. చెప్పా.

ఆ రాత్రి వచ్చింది ఏడుగురున్న కుటుంబం. ఒక పెద్దావిడ, ఒక చంటిబిడ్డ. వాన పడుతోంది, కరెంటు లేదు. నేను హైదరాబాద్‌లో కూర్చుని యాప్‌లో పిన్ నొక్కుతుంటే లాక్ ఆఫ్‌లైన్ అని చూపిస్తోంది. ఆ పిన్ వైఫై గేట్‌వే ద్వారా లాక్‌కి చేరాలి. రౌటర్‌కి కరెంటు లేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కానీ రౌటర్ పెట్టిన ప్లగ్ ఇన్వర్టర్ లైన్లో లేదు. ఆ సంగతి ఎలక్ట్రీషియన్‌కి తెలుసు, నాకు తెలియదు. మామూలు తాళంచెవి ఉంది కదా అంటారేమో. ఉంది. ఇంటి లోపల, ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతోంది! వాచ్‌మన్ పెళ్లికెళ్లాడు. చివరికి బాబాయి పర్చూరు నుంచి వానలో కారేసుకొచ్చి వేలు పెట్టాడు. తడి వేలిని సెన్సర్ తీసుకోలేదు. చొక్కాకి తుడుచుకుని మళ్లీ పెడితే తెరుచుకుంది. అప్పటికి గంటా ఇరవై నిమిషాలు. ఆ రాత్రి అద్దె ఆయన తీసుకోలేదు. నాతో రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

కాబట్టి, అద్దె ఇంటికి లాక్ కొనేవాళ్లు స్పెక్ షీట్‌లో మొదట వెతకాల్సింది ఆఫ్‌లైన్ టైమ్ పిన్. ఇలాంటి లాకుల్లో యాప్, లాక్ రెండూ ఒకే లెక్క ప్రకారం కోడ్ తయారుచేస్తాయి. నెట్ లేకపోయినా శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా పనిచేసే పిన్ మీరు ఎక్కడినుంచైనా వాట్సాప్‌లో పంపొచ్చు. లాక్ లోపలి గడియారం సరిగ్గా ఉంటేనే ఇది పనిచేస్తుంది. అందుకే బ్యాటరీలు పూర్తిగా చచ్చేదాకా ఆగకుండా ముందే మార్చి, టైమ్ ఒకసారి సింక్ చేయాలి. బ్యాటరీ అయిపోతే బయటినుంచి పవర్ ఇచ్చే టైప్-సి పోర్టో, 9 వోల్టుల బ్యాటరీ ఆనించే పాయింట్లో ఉండాలి. వేలిముద్ర గురించి ఎక్కువ ఆలోచించకండి. సముద్రంలో మునిగి, ఇసుక వేళ్లతో వచ్చేవాళ్లకి కీప్యాడే దిక్కు.

రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టండి. ఫైబర్ కనెక్షన్ అయితే గోడకుండే ఓఎన్‌టీ డబ్బాకి కూడా పవర్ కావాలి, చాలామంది మర్చిపోయేది దాన్నే. గెస్ట్‌లకి విడిగా గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. లేకపోతే మీ కెమెరా, లాక్ గేట్‌వే, వాళ్ల ఫోన్లు అన్నీ ఒకే గొడుగు కింద ఉంటాయి.

కెమెరా అన్నాను కదా. రాయడానికి మనసొప్పని భాగం ఇదే. ఒక బ్యాచ్ టీవీ పగలగొట్టి వెళ్లాక హాల్లో కెమెరా పెడదామన్నాడు బాబాయి. కుదరదన్నా. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ప్రపంచమంతటా ఇళ్ల లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించిందని చూపించా. గేటు దగ్గర మాత్రం ఒక వైడ్ యాంగిల్ కెమెరా పెట్టి, ఆ విషయం బోర్డు మీద రాశాం. నా దృష్టిలో పద్ధతిగా చేసిన పనే.

మూడు నెలల తర్వాత, ఫ్రెండ్స్‌తో వచ్చి వెళ్లిన ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. "అన్నా, మీ గేటు కెమెరాకి బయట షవర్ కనిపిస్తుందా?" ఒళ్లు జల్లుమంది. సముద్రపు ఉప్పు, ఇసుక కడుక్కోవడానికి ఇంటి పక్కన ఒక షవర్ ఉంది. మూడు వైపులా గోడ, నాలుగో వైపు కర్టెన్. యాప్ తెరిచి చూస్తే ఫ్రేమ్ కుడి మూలలో, సగం దాకా, కనిపిస్తోంది. బిగించిన రోజు నేను చూసింది గేటు వస్తోందా లేదా అన్నదొక్కటే. ఫ్రేమ్‌లో ఇంకేమొస్తోందో చూడలేదు. ఆ అమ్మాయికి నిజం చెప్పా, క్షమించమన్నా. ఆ రోజే కార్డులోని, క్లౌడ్‌లోని రికార్డింగ్ మొత్తం తీసేసి, కెమెరా రోడ్డు వైపు తిప్పాం. ఆమె మళ్లీ రిప్లై ఇవ్వలేదు.

కావాలని అలా తీసినవాళ్లకైతే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. నేను కావాలని చెయ్యలేదు. కానీ కర్టెన్ వెనక నిలబడ్డ మనిషికి ఆ తేడా ఎట్టా తెలుస్తుంది? మీ ఇంట్లో బయట కెమెరా ఉంటే ఇప్పుడే యాప్ తెరవండి. ఫ్రేమ్ నాలుగు మూలలూ చూడండి, రాత్రి మోడ్‌లోనూ చూడండి. చాలా కెమెరాల్లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, ఆ భాగాన్ని నల్లగా కప్పేస్తుంది. అయినా కెమెరా తిప్పడమే మేలు, సెట్టింగ్ ఎవరైనా మార్చొచ్చు.

ఇక ఉప్పుగాలి. ఐపీ67 అని రాసుంటే సముద్రం పక్కన నిశ్చింత అనుకునేవాణ్ణి. ఆ రేటింగ్ టెస్టు మంచినీళ్లతో చేసేది. ఉప్పు మంచుకి టెస్టు వేరు, దాని ఊసు బాక్స్ మీద కనిపించడం అరుదు. మా గేటు స్క్రూలు ఏడాది తిరగకుండానే ఎర్రబడ్డాయి. బయట బిగించే వాటికి 304 కాకుండా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి, అందులో ఉండే మాలిబ్డినం ఉప్పుని కొంచెం బాగా తట్టుకుంటుంది. లాక్ పోర్టుకి రబ్బరు మూత ఉండాలి. వారానికోసారి మంచినీళ్లలో పిండిన గుడ్డతో తుడవాలి. తుపాను వార్త వినగానే ఊడదీయగలిగినవన్నీ ఊడదీయాలి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే.

గాడ్జెట్ కాదు కానీ, మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంప్ ఆర్‌సీసీబీ లేకుండా ఇల్లు అద్దెకివ్వకండి. తడి ఒంటితో వచ్చి గీజర్ స్విచ్ వేసేది మీరు కాదు, ఎవరి పిల్లలో. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి, ట్రిప్ అవుతోందా చూడండి. స్మార్ట్ ప్లగ్ పెట్టి గీజర్ ఆన్ చేద్దామనుకుంటే 16 యాంప్‌ది కొనండి. ఫోన్ ఛార్జర్లకి వాడే చిన్నది మాడిపోతుంది.

బాబాయి ఫోన్ గ్యాలరీ చూసిన రోజు ఇంకో షాక్. వందల ఆధార్ ఫొటోలు, మనవడి పుట్టినరోజు ఫొటోల మధ్యలో. ఇప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడుగుతున్నాం, వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్ ఆపేశాం. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లొస్తే మాత్రం 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలు నింపాలి. మనవైపు అమెరికా నుంచి వచ్చే చుట్టాలు ఎక్కువ, "మనోళ్లే కదా" అని వదిలేస్తే కుదరదు. టీవీలో గెస్ట్‌లు వదిలేసిన లాగిన్‌లు ప్రతి చెకౌట్‌కీ తీసేయండి. ఒకాయన అకౌంట్‌లో మా వాచ్‌మన్ నెల రోజులు సినిమాలు చూశాడు.

ఆ తాళంచెవి ఇప్పుడు ఫ్రిజ్ పక్కన లేదు. రోడ్డు మలుపులో టీ కొట్టు నడిపే ఆమె దగ్గర ఒకటి, వాచ్‌మన్ దగ్గర ఒకటి ఉన్నాయి. మొన్న సంక్రాంతికి కరెంటు పోయింది, నెట్ కూడా పోయింది. గెస్ట్ నాకు ఫోన్ చేసేలోపే టీ కొట్టావిడ వెళ్లి తలుపు తీసేసింది.