రాయి కింద పాముందా, లేదా?

ఇంటర్ ఫలితాల ముందు రాత్రి కూతురితోపాటు తానూ కంటిమీద కునుకు లేకుండా గడిపానని తెనాలి నుంచి ఒక పాఠకురాలు రాశారు. మర్నాడు ఫలితం వచ్చింది. ఫిజిక్స్ పోయింది. ఏడుపులు, ఫోన్లు, బంధువుల ఓదార్పులు అన్నీ అయ్యాక ఆ రాత్రి తల్లీకూతుళ్లు ఒళ్లు తెలియకుండా నిద్రపోయారట. "పాసయ్యే ఆశ ఉన్న రాత్రి పట్టని నిద్ర, ఫెయిలయిందని తేలిన రాత్రి ఎలా పట్టింది?" అని ఆమె కాస్త సిగ్గుపడుతూనే అడిగారు. సిగ్గెందుకు? దాదాపు ఇదే ప్రశ్న మీద లండన్‌లో 45 మంది చేతులకు కరెంటు షాకులిచ్చి మరీ జవాబు వెతికారు.

ముందు రెండు ముక్కలు. ఎదురుగా ఉన్న పామును చూస్తే కలిగేది భయం. పొదలో ఉందేమో అనుకుంటూ నడిస్తే కలిగేది ఆందోళన. ఏం చేసినా ఒకటేలే అని చేతులు వాలిపోవడం కుంగుబాటు ముఖాల్లో ఒకటి. ఆందోళన, కుంగుబాటు ఒకే మనిషిలో కాపురం పెట్టడం మామూలే. ఈ కథకు ఇంతకు మించి నిర్వచనాలు అక్కర్లేదు.

ఇక పాముల దగ్గరికి. 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఆర్చీ డి బెర్కర్, స్వెన్ బెస్ట్‌మన్ బృందం ఒక కంప్యూటర్ ఆట తయారుచేసింది. తెరమీద ఒక రాయి కనిపిస్తుంది. దాని కింద పాముందో లేదో ఆడేవాళ్లు చెప్పాలి. రాయి తిరగబడగానే పాము కనిపిస్తే చేతికి చురుక్కుమని షాక్. ఊహ సరిపోయినా, తప్పినా, పాముంటే షాక్ తప్పదు. అంటే సరిగ్గా చెప్పినందువల్ల దెబ్బ తగ్గేది లేదు, ముందే తెలిసిందన్న తృప్తి తప్ప. ఏ రాయి కింద పాములు ఎక్కువో ఆడుతూ ఆడుతూ పట్టుకోవచ్చు. కానీ లెక్క దొరికిందనుకునేలోపే ఆ లెక్క మారిపోతుంది. ఇంతసేపూ కంటిపాప ఎంత విచ్చుకుంటోందో, చర్మం ఎంత చెమరుస్తోందో యంత్రాలు నమోదు చేస్తుంటాయి. ఎంత ఒత్తిడిగా ఉందని మధ్యమధ్యలో మనుషులనూ అడుగుతారు.

ఎక్కువ ఒత్తిడి ఎప్పుడు? షాక్ ఖాయమని తెలిసినప్పుడనే ఎవరైనా అంటారు. ఆ జవాబు తప్పు. పాముండే అవకాశం సరిగ్గా సగానికి సగం ఉన్నప్పుడు కంటిపాప, చెమట, నోటిమాట మూడూ ఒకే సాక్ష్యం చెప్పాయి: ఒత్తిడి శిఖరానికి చేరేది అక్కడే. షాక్ తప్పదని తెలిసినవాళ్లు అంతకంటే నిమ్మళంగా ఉన్నారు!

ఈ శిఖరం అందం అంకెల్లో చూడాలి. తెలియనితనాన్ని కొలిచే సూత్రాన్ని 1948లో క్లాడ్ షానన్ ఇచ్చాడు. బొమ్మా బొరుసా తేలని నాణెం దగ్గర తెలియనితనం నిండుగా ఒక బిట్. అవకాశం 10 శాతమైతే దాదాపు 0.47 బిట్లు. 90 శాతమైనా అదే 0.47. పదింట ఒక షాక్ నుంచి పదింట తొమ్మిది షాకులకు వెళ్లినా, తెలియనితనం మాత్రం ఆవగింజంత కూడా మారలేదన్నమాట. ఆటగాళ్ల ఒత్తిడి నడిచింది ఈ లెక్క వెంటే. మనిషి శరీరం షానన్ లెక్క కట్టడం ఈ వ్యాసకర్తకు ఇప్పటికీ ఒక అబ్బురమే.

ఎందుకిలా? ఖాయమైన దెబ్బ గురించి నేర్చుకోవలసింది ఏమీ లేదు. సగం సగం దగ్గర మాత్రం ప్రతి చిన్న ఆనవాలుకూ విలువుంది, మెదడు రెప్ప వాల్చకూడదు. మెదడు కాండంలో 'నీలి చోటు' అనే అర్థమొచ్చే లాటిన్ పేరున్న లోకస్ సెరూలియస్ ఉంటుంది. మెదడంతటికీ నార్‌అడ్రినలిన్ చల్లి దాన్ని మేలుకొలిపి ఉంచేది ఇదే. కంటిపాప విచ్చుకోవడానికీ దీనికీ సంబంధం ఉందని వేరే పరిశోధనలు చెబుతున్నాయి. లండన్ ఆటలో ఇంకో చమత్కారం బయటపడింది. ఎవరి ఒత్తిడి తెలియనితనంతోపాటే ఎక్కి దిగిందో, పాముల్ని బాగా పసిగట్టింది కూడా వాళ్లే. తెనాలిలో ఆ రాత్రి కాపలా కాసింది ఈ యంత్రాంగమే. పాపం, పసిగట్టడానికి అక్కడ ఆనవాళ్లే లేవు.

ఒత్తిడిని కొలిచే ఈ దారిలో బోర్లా పడ్డవాళ్ల కథలూ తక్కువేం కాదు. 1958లో అమెరికా సైన్యపు వాల్టర్ రీడ్ పరిశోధన సంస్థలో జోసెఫ్ బ్రాడీ కోతుల్ని జంటలుగా కూర్చోబెట్టాడు. ఒక కోతి చేతిలో మీట. 20 సెకన్లలోపు నొక్కకపోతే రెండింటికీ షాక్. నాలుగు జంటల్లోనూ మీట పట్టిన 'అధికారి' కోతులకే పేగుల్లో పుండ్లు పడ్డాయి. బాధ్యత మోసేవాళ్లకే అల్సర్ అన్న మాట లోకమంతా పాకింది. తీరా చూస్తే, మీట ఎక్కువగా నొక్కే కోతుల్నే బ్రాడీ ఏరి అధికారుల్ని చేశాడు, చీటీలు వేసి పంచలేదు! తర్వాత రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జే వీస్ ఎలుకల్ని చీటీ పద్ధతిలో పంచి చూస్తే ఫలితం తిరగబడింది. షాక్‌ను ఆపగలిగిన ఎలుకలకే పుండ్లు తక్కువ. షాకులు సమానంగా ఉన్నా, ముందుగా శబ్దం వినిపించిన ఎలుకలకు, వినిపించని వాటికంటే పుండ్లు బాగా తక్కువ. (మనుషుల అల్సర్లలో చాలావాటి వెనక ఒక బ్యాక్టీరియా ఉందని తేల్చినందుకు 2005లో బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు నోబెల్ వచ్చింది. పాపం బ్రాడీ.)

ఇంకొందరు తమ తప్పు తామే దిద్దుకున్నారు. ఆపలేని షాకులు తిన్న కుక్కలు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడుకోవడం 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ చూశారు. అవి నిస్సహాయతను 'నేర్చుకున్నాయి' అన్నారు. కుంగుబాటు పాఠ్యపుస్తకాలన్నీ ఆ మాటనే పట్టుకున్నాయి. దాదాపు 50 ఏళ్లకు, 2016లో, ఇద్దరూ కలిసి ఆ సిద్ధాంతం తలకిందులుగా ఉందని ఒప్పుకున్నారు. ఎడతెగని దెబ్బల ముందు చతికిలపడటం పుట్టుకతో వచ్చేదే. నేర్చుకోవలసింది 'ఇది నా చేతిలో ఉంది' అన్న సంగతిని. ఎలుకల్లో ఆ పాఠం పట్టేది మెదడు ముందుభాగమని మేయర్ ప్రయోగాలు చూపాయి.

తేలిపోయిన చెడుకంటే తేలని ఆశే బరువన్నదానికి ప్రయోగశాల బయటా ఒక సాక్ష్యముంది. మిషిగన్‌లో కోలోస్టమీ శస్త్రచికిత్స అయినవాళ్లను ఆరు నెలలు గమనించి 2009లో వివరాలు ప్రచురించారు. పొట్టకు తగిలించిన సంచీ ఇక జీవితాంతం తప్పదని తెలిసినవాళ్లు క్రమంగా కుదుటపడ్డారు. ఎప్పుడో తీసేయొచ్చన్న ఆశ ఉన్నవాళ్లు కుదుటపడలేదు.

వీటివల్ల ఉపయోగమేమిటంటారా? అనిశ్చితిని భరించలేకపోవడమే కొందరి ఆందోళనకు ఇంధనమని కెనడాలో మిషెల్ డ్యుగా బృందం చికిత్సే తయారుచేసింది. పంపే ఈమెయిల్‌ను మళ్లీ చదవకుండా పంపడం, ఎన్నడూ తినని వంటకం తెప్పించుకోవడం వంటి చిన్నచిన్న సాహసాలు అందులో భాగం. మంచిదే. కానీ రోగులకు సాహసాలు నేర్పేముందు కార్యాలయాలకు తేదీ చెప్పడం నేర్పితే బాగుండును. 'ఫలితాలు త్వరలో', 'డాక్టరుగారు వస్తారు, కూర్చోండి' అన్నవి సగం సగం దగ్గర జనాన్ని వేలాడదీసే మాటలు. అమెరికాలో గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న తెలుగువాళ్లను అడగండి: నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో తేదీ ముందుకూ జరుగుతుంది, ఒక్కోసారి వెనక్కీ జరుగుతుంది. వీస్ ఎలుకలకు శబ్దమైనా వినిపించింది.

తెనాలి పాఠకురాలికి ఒక మాట. ఆ రాత్రి మీకు రెండు సంగతులు తేలిపోయాయి: ఫిజిక్స్ పోయింది, సప్లిమెంటరీ ఉంది. నిద్రకు అది చాలు. అయితే అంతా తేలిపోయాక కూడా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, దేనిమీదా మనసు నిలవకపోతే, అది పాముల ఆట పరిధి దాటిన సంగతి. టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు.