ఇంటర్మీడియెట్ గణితము

ఇంటర్మీడియెట్ తరగతులలో మన బాలబాలికలకు అవకలనము, సమాకలనము, శాంకవములు పరిచయమగుచున్నవి. సంతోషమే. కాని నేర్పుచున్న రీతి మాకు విచారము గలిగించుచున్నది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల ఇంజనీరింగు ప్రవేశపరీక్షలలో 180 నిమిషములకు 160 ప్రశ్నలు. అందు గణితమువే 80. ప్రశ్నకు నిమిషము పైచిల్లర! సూత్ర మెట్లు పుట్టెనని యోచించువాడు వెనుకబడును. వల్లించినవాడు ముందున నిలుచును. శిక్షణాలయము లీ సంగతి నెఱిగి నిరూపణములను విడిచి అడ్డదారులు నేర్పుచున్నవి. వేలకువేలు రుసుము చెల్లించు తండ్రులును ర్యాంకు నడుగుదురే గాని, పరావలయ సమీకరణమును పిల్లవాడు తానై రాబట్టగలడా యని అడుగరు. పదునొకండవ శతాబ్దిలోనే పావులూరి మల్లన గణితశాస్త్రమును తెనిగించిన దేశమిది! బోర్డు పరీక్షలోని నిరూపణములును కంఠపాఠములే యైనవి. పాఠ్యపుస్తకమున లేని నిరూపణ మొక్కటియైనను ఏటేట అడుగవలెనని బోర్డువారిని కోరుచున్నాము.