ఆపరేషన్ పదిహేను నిమిషాలే... కోలుకోవడమే ఎనిమిది నెలలు!

డాలస్ శివార్లలో మేం ఉండే చోట కార్పల్ టన్నెల్ ఆపరేషన్ చేయించుకున్న తెలుగువాళ్లు నాకు తెలిసి నలుగురున్నారు. ఆపరేషన్ ఎంతసేపు పట్టిందని అడిగితే నలుగురూ ఠక్కున చెప్పారు... పదిహేను, ఇరవై నిమిషాలని. చెయ్యి మళ్లీ మామూలుగా ఎప్పుడైందని అడిగితే మాత్రం నాలుగు రకాల జవాబులొచ్చాయి. ఒకరికి ఆరు వారాలు, ఒకరికి ఏడాది. ఇంకొకరు నవ్వి ఊరుకున్నారు. నాకు గత సెప్టెంబరులో కుడిచేతికి జరిగింది. ఇప్పటికి ఎనిమిది నెలలు. మీ ఇంట్లో ఎవరైనా అర్ధరాత్రి లేచి మంచం మీద కూర్చుని చెయ్యి విదిలించుకుంటున్నారంటే, ఈ ఎనిమిది నెలల లెక్క వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మణికట్టు దాటి అరచెయ్యి మొదలయ్యే చోట చిన్న చిన్న ఎముకలు వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపు మీద గట్టి పట్టీ ఒకటి అడ్డంగా కప్పి ఉంటుంది. ఆ రెండింటి మధ్య సొరంగంలోంచి వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, వాటితో పాటు మీడియన్ నరం వెళతాయి. లోపల కాస్త వాపు వచ్చినా నలిగిపోయేది ఆ నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలులో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలు దాని పరిధిలోకి రాదు. ‘చిటికెనవేలు బాగానే ఉందా?’ అని సర్జన్ అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి అందుకే.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల జబ్బని మనవాళ్లలో ఓ నమ్మకం. నేనూ ప్రోగ్రాములు రాసే దాన్నే కాబట్టి, పొట్లక్‌లో కలిసిన ప్రతి ఒక్కరూ కీబోర్డునే తిట్టారు. కానీ కీబోర్డే కారణమని గట్టిగా తేల్చిన ఆధారాలు లేవట. బలంగా పట్టుకుని చేసే పనులు, అదిరే యంత్రాలతో చేసే పనులకే దీనితో ఎక్కువ సంబంధం ఉంది. మధుమేహం, థైరాయిడ్ తగ్గడం, గర్భం, కీళ్లవాతం కూడా కారణాల్లో ఉన్నాయి. మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. నాకు రెండో కాన్పు నుంచి థైరాయిడ్ మాత్ర ఉంది. ఆ మాట చెప్పగానే సర్జన్ తలూపి రాసుకున్నారు.

రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టే స్ప్లింట్ నాలుగు నెలలు కట్టుకున్నాను. ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ పది వారాలు సుఖాన్నిచ్చింది. ఆ తర్వాత చేసిన నరాల పరీక్షలో నరం దెబ్బతింటోందని తేలింది. ఇక్కడో మాట. మీ ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ జనవరిలో మళ్లీ మొదలయ్యేదైతే, ఆపరేషన్ డిసెంబరుకు పెట్టుకోకండి. ఫిజియోథెరపీ అంతా కొత్త ఏడాదిలో పడి, జేబులోంచే కట్టాల్సి వస్తుంది. నేను సెప్టెంబరు ఎంచుకున్నది అందుకే. పాతికేళ్లు అమెరికాలో ఉంటే ముహూర్తాలు ఇలాగే పెడతాం మరి!

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చేతికి మాత్రమే మత్తిచ్చారు. మెలకువగానే ఉన్నాను. ఆ పట్టీని కోసి నరానికి చోటిచ్చారు. మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను. ఆ రాత్రి తిమ్మిరితో లేవలేదు. ఏడాదిన్నరలో అదే మొదటిసారి. చెయ్యి మాత్రం సలుపుతూనే ఉంది. మూడు రోజులు రెండు దిండ్ల మీద, గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పడుకున్నాను. డాక్టర్ చెప్పిన మోతాదులో టైలెనాల్, ఐబుప్రోఫెన్ సరిపోయాయి. వేళ్లను మాత్రం మొదటి రోజు నుంచే ముడుస్తూ చాపుతూ ఉండమన్నారు. కదపకపోతే బిగుసుకుపోతాయి. జ్వరం, చీము, రోజురోజుకూ పెరిగే ఎరుపు, వాపు... వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఫోన్ చేయమన్నారు. నాకు ఆ అవసరం రాలేదు. పన్నెండో రోజున కుట్లు విప్పారు.

అసలు కథ అక్కడి నుంచి మొదలైంది. కుట్లు విప్పాక నొప్పి తగ్గాలి కదా. మూడో వారంలో నాకు పెరిగింది. గాటు దగ్గర కాదు. దానికి అటూ ఇటూ, అరచెయ్యి అడుగున ఉండే రెండు దిమ్మల్లో. కుర్చీ చేతుల మీద ఆని లేస్తే ప్రాణం పోయేది. కుక్కర్ మూత పెట్టలేను. మిక్సీ జార్ బిగించలేను. ఆవకాయ సీసా మూత తీయమని తొమ్మిదేళ్ల పిల్లను పిలిచేదాన్ని. దీన్ని పిల్లర్ పెయిన్ అంటారు. కోసిన పట్టీ రెండు కొసలూ అతుక్కుని ఉండేది ఆ వైపులే కాబట్టి, అక్కడి ఎముకలు, కండరాలు కొత్త అమరికకు సర్దుకునే దాకా నొప్పి ఉంటుందని మా సర్జన్ వివరించారు. వారాల్లో పోవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఆపరేషన్ విఫలమైనట్టు కాదు. ఈ పిల్లర్ పెయిన్ అన్న రెండు ముక్కలు ముందే తెలిసి ఉంటే నేను నాలుగు రాత్రులు ఏడ్చేదాన్ని కాదు.

తినడం మరో సంగతి. ఎడమచేత్తో అన్నం కలపడానికి మనసొప్పదు. స్పూనుతో పప్పన్నం తింటే పప్పూ అన్నం వేర్వేరుగానే ఉంటాయి, మీరు ప్రయత్నించి చూడండి. మా ఆయన కలిపి పెడతానన్నారు, పిల్లల ముందు నాకే మొహమాటం. ఐదో వారంలో పెరుగన్నం కలుపుకోగలిగాను. మెత్తగా ఉంటుంది కాబట్టి. ముద్దపప్పుకు ఇంకో పది రోజులు పట్టింది. గుడిలో తీర్థానికి అరచెయ్యి గుంటగా పట్టాలంటే సరిగ్గా ఆ గాటు మడతపడుతుంది. పూజారిగారు ‘కాస్త వంచమ్మా’ అంటే వంగేది కాదు. రెండు నెలలు తీర్థమంతా చీర మీదే.

ఉద్యోగం దగ్గర, రెండు వారాలు మెడికల్ లీవు తీసుకున్నాను. ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ అనే 1993 నాటి చట్టం ఉంది. ఏడాదిగా పనిచేస్తూ, అందులో 1,250 గంటలు పూర్తిచేసిన వాళ్లకు, కనీసం 50 మంది ఉద్యోగులున్న సంస్థల్లో, 12 వారాల వరకూ జీతం లేని సెలవుకు హక్కిస్తుంది. వీసా మీద ఉన్నాం, సెలవడిగితే ఏమనుకుంటారో అని నొప్పి దిగమింగుకునే వాళ్లు మనలో చాలామంది. ఈ చట్టానికి మీ వీసాతో పనిలేదు. తిరిగి వెళ్లాక డాక్టర్ ఉత్తరంతో, అరగంట టైపింగ్, పది నిమిషాల విరామం అని రాయించుకున్నాను. మౌసు ఎడమచేతికి మార్చాను. మిగతాదంతా మాటలతో టైపు చేయించడమే. ఈ డిక్టేషన్‌కు బ్రాకెట్లు, సెమికోలన్లు నోటితో చెప్పడం ఓ శిక్ష. అది కాక, మా టీములో వెంకట్ పేరు చెప్పిన ప్రతిసారీ అది తెరమీద ఓ పిల్లిని దింపేది. కట్టు తీసేశాక చెయ్యి చూడ్డానికి బాగానే ఉంటుంది. అదే చిక్కు. చూసేవాళ్లు బాగైపోయిందనుకుంటారు.

థెరపిస్టు నేర్పిన వాటిలో నాకు బాగా పనిచేసినవి రెండు. గాటు పూర్తిగా మానాక మచ్చ మీద రోజుకు కొన్నిసార్లు వేలితో గట్టిగా మర్దన చేయడం ఒకటి. రెండోది బియ్యం. ఓ డబ్బా నిండా బియ్యం పోసి, అందులో చెయ్యి ముంచి వేళ్లు తెరిచి మూయమంటారు. ముట్టుకుంటే జివ్వుమనే చర్మం అలవాటు పడుతుంది, పట్టూ వస్తుంది. మా ఇంట్లో సోనామసూరి బస్తాకు కొదవేముంది! వీడియో కాల్‌లో చూసిన అమ్మ, ‘బియ్యంలో రాళ్లేరడమే కదే, దానికి కూడా డబ్బులిచ్చావా?’ అంది.

తిమ్మిరి పోవడం వేరే లెక్క. నరం మీద తొడుగు మాత్రమే దెబ్బతింటే వారాల్లో సర్దుకుంటుంది. లోపలి తీగే తెగితే అది మళ్లీ పెరగాలి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున. నా మణికట్టు నుంచి చూపుడువేలి కొస దాకా టేపు పెట్టి కొలిస్తే 17 సెంటీమీటర్లు. అంటే 170 రోజులు. ఈ లెక్క వేసుకున్నాక నాకు కొంత స్థిమితం వచ్చింది. సంక్రాంతికి వాకిట్లో ముగ్గు వేస్తే పిండి వేళ్ల మధ్య ఎంత జారుతోందో తెలియక గీతలన్నీ లావొచ్చాయి. మార్చి చివరికి పర్సులో చెయ్యి పెట్టి, చూడకుండానే నాణేల్లో పావలా ఏదో చెప్పగలిగాను. మధ్యవేలి కొస ఇంకా కొంచెం మొద్దుగానే ఉంది.

నవంబరులో ఒకరోజు కాల్‌లో నా వ్యాయామాలు చూస్తూ అమ్మ కూడా సరదాగా చేయబోయింది. బొటనవేలి కొసను చిటికెనవేలి మొదలుకు ఆనించాలి. అమ్మకు ఆనలేదు. చెయ్యి కెమెరా దగ్గరగా పెట్టమన్నాను. బొటనవేలి మొదట్లో కండ ఉండాల్సిన చోట పల్లంగా ఉంది. ‘ఎప్పట్నుంచో ఇంతేలే. షుగర్ తిమ్మిర్లు’ అంది. కాఫీ కప్పులు జారి పడుతున్నాయని స్టీలు గ్లాసుకు మారిందట. అది మాకెవరికీ తెలియదు. తెనాలి నుంచి అన్నయ్య గుంటూరు తీసుకెళ్లి నరాల పరీక్ష చేయించాడు. రెండు చేతులకీ ఉంది, కుడిచేతికి బాగా ముదిరింది. ఆపరేషన్ చేస్తే రాత్రి నొప్పి తగ్గుతుంది, తిమ్మిరి కొంత తగ్గవచ్చు, పోయిన కండ తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేమన్నారు అక్కడి డాక్టర్. అరవై ఎనిమిదేళ్ల వయసులో ఎందుకొచ్చిన గొడవ అని అమ్మ ఐదు నెలలు దాటేసింది. పోయిన వారం తనే ఫోన్ చేసింది.

‘నిజం చెప్పు. ఎన్నాళ్లు నొప్పి?’

మొదటి మూడు రోజులు సలుపు, మూడో వారంలో ఇంకో రకం నొప్పి, అది చూసి బెంబేలు పడొద్దు, కుక్కర్ ముట్టుకోవద్దు అని చెప్పాను. అంతా విని, ‘పడుకోనిస్తుందా?’ అని అడిగింది. మొదటి రాత్రి నుంచే అన్నాను.

జూన్ రెండో వారానికి తేదీ ఇచ్చారు. నేను మూడు వారాలు సెలవు పెట్టి వెళుతున్నాను. ఈలోగా ఆవకాయ పెట్టేయాలంటోంది. పక్కన కూర్చుని పాళ్లు చెబుతుందట, ముక్కలు కలిపేది మాత్రం ఈసారి వదిన.