కాళ్లకింద మబ్బు - నెత్తిన చుక్కలు

డుంబ్రిగుడ: హిమాలయాల్లో మాదిరి ఇక్కడ మంచుగడ్డలు లేవు. అయినా చలికాలం వచ్చిందంటే మైదాన ప్రాంతాల జనం అరకు లోయ కొండలెక్కడానికి తరలివస్తున్నారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ప్రాంతంలో రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది. బరువెక్కిన చల్లగాలి పల్లంలోకి జారి పొగమంచుగా కమ్ముకుంటుంది. తెల్లవారుజామున కొండమీద నిలబడిన వారికి అదే పాలసముద్రంలా కనిపిస్తుంది.

వెన్నెల లేని రాత్రి వీధిదీపాలకు దూరంగా వెళితే మరో వింత. సంక్రాంతి రోజుల్లో పొద్దుగూకగానే నడినెత్తిన కృత్తికలు, తెల్లవారకముందు ఉత్తరాన సప్తర్షులు స్పష్టంగా కానవస్తాయి.

ఈ మబ్బుకూ, ఈ చీకటికీ పెట్టుబడి అక్కరలేదు. దారి తెలిసిన ఊరివారు తోడుంటే చాలు. ఏజెన్సీ భూములను గిరిజనేతరులకు బదలాయించరాదని 1970 నాటి నిబంధన శాసిస్తోంది. జనం నోట అది 1/70 చట్టం. భూమికి ఆ రక్షణ ఉంది. దారి చూపిన కూలి, వండిపెట్టిన భోజనం డబ్బు కూడా గిరిజనుల చేతికే అందాలి.

వచ్చినవారు కొండపై సీసాలు, ప్లాస్టిక్ సంచులు పారేయరాదు. రాత్రంతా పెద్ద దీపాలు వెలిగిస్తే చుక్కలు కనిపించవు. చుక్కలు కనిపించకపోతే వాటికోసం వచ్చేవారూ ఉండరు.